మూడో పిలుపు

సందెవేళ ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మా వైపు వెంటనే పలకరు. మనిషి ఎదురుగా కనిపిస్తే సరే. కనపడకుండా, గోడవతల నుంచో తోటలోంచో పిలుపు వస్తే మాత్రం నోరు మెదపరు. రెండోసారి పిలిచినా అంతే. మూడోసారి కూడా పిలిస్తే అప్పుడది మనిషే. మూడుసార్లు పిలవడం మనిషి కానిదానికి చేతకాదట. ఇంకోటి కూడా ఉంది, మూడోసారి పిలిచాక పలక్కుండా ఉండకూడదట. ఉంటే ఏమవుతుందని చిన్నప్పుడు మా అమ్మని అడిగితే, "నోర్ముయ్యి, సందెకాడ అవేటి మాటలు" అని నెత్తిమీద ఒకటేసింది. తర్వాత నాకు చదువొచ్చింది, కంప్యూటరొచ్చింది, ఆ భయం మాత్రం పోలేదు.

ఇప్పుడీ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, కొన్నేళ్ళు నా ఉద్యోగమంతా సరిగ్గా ఆ వేళకే, ఆ పిలుపు మీదే నడిచింది.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన రోజులవి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన ఒకాయనది మా వైపే. అద్దెలు తక్కువ, మనుషులు ఉద్యోగం మానేసి పారిపోరు అని లెక్క వేసుకుని, పలాసలో జీడిపప్పు బట్టీల వెనక ఒక మేడమీద చిన్న ఆఫీసు తెరిచాడు. నేను టెక్కలి నుంచి బస్సులో వెళ్ళొచ్చేవాణ్ణి. ఇంటికొస్తే చొక్కా నిండా జీడితొక్క పొగ వాసన. "కంప్యూటరు పనికెల్తన్నావా, జీడిపిక్కలు కాల్సడానికెల్తన్నావా" అని మా ఆవిడ వెక్కిరించేది.

పని పెద్దది. సముద్రాలవతల ఒక బీమా కంపెనీకి సాఫ్ట్‌వేరు. సగంమంది హైదరాబాదులో, కొందరు అక్కడ, మేం గుప్పెడుమంది పలాసలో. మొదట్లో ఎవరేం చేస్తున్నారో ఎవరికీ తెలిసేది కాదు. ఒకడు కట్టింది ఇంకొకడు కూల్చేవాడు. అప్పుడు వచ్చింది ఎజైల్ అని కొత్త పద్ధతి. పనిని చిన్న ముక్కలు చెయ్యి, ముక్కకొక చీటీ రాయి, గోడమీద మూడు గళ్ళు గీసి అంటించు. చెయ్యాలి, జరుగుతోంది, అయిపోయింది. పని కదిలినప్పుడల్లా చీటీ ఒక గడిలోంచి పక్క గడిలోకి. మా గోడకి సముద్రపు చెమ్మ. జిగురు చీటీ పొద్దున్న పెడితే మధ్యాహ్నానికి నేలమీద ఉండేది. చివరికి అన్నం మెతుకులతో అంటించాం. దాంతో గోడంతా చీమలు.

చీటీలతో సరిపోతే బాగానే ఉండును. రోజూ అందరూ నిలబడి మాట్లాడుకోవాలి, అదీ నియమం. మూడు ప్రశ్నలు. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీకేమైనా అడ్డంకులున్నాయా. అవతలి దేశం వాళ్ళకి తెల్లారి ఆఫీసుకొచ్చేసరికి మాకు దీపాలు పెట్టే వేళ. ఆ వేళకి పలాసలో కరెంటు కూడా పోయేది. ఇన్వర్టరు మీద ఒకే ఒక్క ట్యూబులైటు, మధ్యలో బల్లమీద మూడుకాళ్ళ నల్ల ఫోను, చుట్టూ మేం. లైన్లోకి ఎవరైనా వస్తే టింగుమని ఒక చప్పుడు, పోతే టుంగుమని ఇంకోటి. హైదరాబాదు నుంచి మీటింగు నడిపే మేడమ్ ఒక్కొక్కరి పేరూ పిలిచేది.

ఇంక చూడండి మా అవస్థ. సందెవేళ, మసక చీకటి, మనిషి లేడు, పెట్టెలోంచి పేరు పెట్టి పిలుపు. ఎవడు పలుకుతాడు? ఇంజినీరింగు చదివాం, అందరం పెద్దవాళ్ళమే, అయినా నోరు రాదు. రెండోసారి పిలిచినా రాదు. మూడోసారికి గాని "ఎస్ మేడమ్" అనం. ఒకరితో ఒకరం అనుకుని చేసింది కాదు, అలా జరిగిపోయేది.

పలాస లైను బాగులేదని హైదరాబాదులో అనుకున్నారు. ఫోను మార్చారు. తర్వాత పలాసవాళ్ళకి నిర్లక్ష్యమన్నారు. ఆఖరికి మేడమే ఒకసారి రైలెక్కి వచ్చింది. మా మధ్య నిలబడి, మేం పలక్కుండా ఒకరి మొహం ఒకరం చూసుకోవడం కళ్ళారా చూసింది. "ఏంటి మీ ప్రాబ్లమ్?" అంటే అందరికీ సిగ్గు. చెప్పింది మా బావ.

బావంటే నాకు చుట్టం కాదు. కవిటి దగ్గర కొబ్బరితోటల ఊరు వాడిది. ఆఫీసులో అందరికీ బావే. మాలో అందరికన్నా పనిమంతుడు. ఎక్కడ తప్పుందో ప్రోగ్రామును పైనుంచి కిందికి ఒకసారి చూసి చెప్పేవాడు. నవ్వుతూ, "మేడమ్, దెయ్యాలకి మూడు దాకా లెక్క రాదు మేడమ్" అని మొత్తం విప్పి చెప్పాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. కాని మంచి మనిషి. వెళ్ళాక, మా పేర్లు గబగబా మూడుసార్లు పిలవడం మొదలుపెట్టింది. "పద్ధతి మనుషుల కోసం, మనుషులు పద్ధతి కోసం కాదు" అందట అక్కడి వాళ్ళతో. ఆ మాటకి నాకు ఇప్పటికీ ఆవిడంటే గౌరవం.

ఆ వర్షాకాలంలోనే బావ పాదాలు పొంగడం చూశాను. చెప్పులు పట్టక, వెనకపట్టీ మడమ కింద నొక్కి నడిచేవాడు. మొహం పొద్దున్నే ఉబ్బి ఉండేది. మా కొబ్బరితోటల సీమ ఉద్దానంలో ఇంటింటా ఉన్న జబ్బే, ఆ గుర్తులు అక్కడి మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్ళ నాన్న దాంతోనే పోయాడు, అన్నయ్యా దాంతోనే పోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. టీ బడ్డీ దగ్గర పట్టుకున్నాను.

"పరీచ్చ సేయించుకున్నావా?"

"సేయించుకున్నాను."

"ఏటన్నారు?"

"ఆ మాట నువ్వు అనకు బావా. నానూ అనను. మా నాన్న పేరెట్టి సెప్పీసినాడు, ఆ యేడే ఎల్లిపోనాడు. మా అన్నా అంతే. పేరెట్టి పిలిత్తే వత్తాదది."

"ఓరి నీ సదువు మండ! వచ్చీసిందిరా, నీ కాళ్ళు సూడు! మేడమ్‌తో సెప్పు. విశాఖపట్నంలో పెద్దాసుపత్రి ఉన్నాది, ఆఫీసు బీమా ఉన్నాది. ఆవిడ కాదనదు."

"సూద్దాం" అన్నాడు. అంటే చెప్పనని.

అప్పట్నుంచి సాయంత్రమైతే నాకు మూడో ప్రశ్న మీదే ధ్యాస. అడ్డంకులున్నాయా అని మేడమ్ అడుగుతుంది. ఇవాళైనా చెప్తాడని వాడి నోటికేసి చూస్తాను. "లేవు మేడమ్" అంటాడు. రోజూ అదే గొంతు, అదే మాట. పాదాలు బల్ల కిందికి లాక్కునేవాడు. కొన్నాళ్ళకి రాలేక ఇంటి దగ్గర్నుంచే సెల్‌ఫోన్లో మీటింగులోకి వచ్చేవాడు. టింగుమనేది. వాడి గొంతు కంటే ముందు కొబ్బరాకులు రాసుకునే చప్పుడు వచ్చేది, చాపలు దులుపుతున్నట్టు. దాన్నిబట్టి వాడొచ్చాడని తెలిసేది మాకు.

ఒక సాయంత్రం మేడమ్ వాడి పేరు పిలిచింది. ఒకే ఒక్కసారి. రెండోసారికి ఆవిడ ఊపిరి తీసుకునేలోపే వాడు పలికేశాడు.

"ఉన్నాను మేడమ్."

మాతో పనిచేసే నౌపడ ఊరి అమ్మాయి, పక్కనే నిలబడి ఉంది, నా మోచెయ్యి పట్టుకుంది. సందెవేళ మొదటి పిలుపుకి పలికినవాణ్ణి మేం అదే మొదటిసారి చూడడం. నిన్న చేసింది చెప్పాడు, ఇవాళ చేసేది చెప్పాడు. అడ్డంకులు అనగానే, "ఉంది మేడమ్. నా కిడ్నీలు పోయాయి" అని ఆ ఒక్క మాటా తెలుగులో అన్నాడు.

అక్కడ మరో నియమం ఉంది. నిలబడి మాట్లాడే మీటింగులో అడ్డంకి పేరు చెప్పాలి గాని దాని గురించి చర్చించకూడదు. అవతలి దేశంవాడికి తెలుగు రాదు కదా, హుషారుగా "థాంక్యూ, నెక్స్ట్" అన్నాడు. మేడమ్ మాత్రం తెలుగులోనే, "మీటింగ్ అయ్యాక మాట్లాడదాం" అని తర్వాతి పేరు పిలిచింది. మిగతావాళ్ళం టెస్టింగూ రిపోర్టులూ అంటూ ఏదో వాగాం. ఆ కాసేపూ లైన్లో కొబ్బరాకులు కదుల్తూనే ఉన్నాయి.

ఆవిడ మాట తప్పలేదు. మర్నాటికే విశాఖపట్నంలో మంచం ఏర్పాటైంది. నేనే తోడు వెళ్ళాను. రైల్లో అడిగాను, "మొదటి పిలుపుకే పలికీసినావేటి?" అని.

"పిలిసింది ఎవులైతే నాకేటి బావా ఇంక" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను కిటికీకేసి తిరిగి, తుడుచుకోడానికి తువ్వాలు కూడా లేక, చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాను.

వైద్యం ఎక్కువ రోజులు నడవలేదు. ఊరికి తీసుకొచ్చేశారు, తోటలోనే పోయాడు.

గోడమీద వాడి చీటీ ఒకటి మిగిలిపోయింది, జరుగుతోంది అన్న గడిలో. ఆ పని హైదరాబాదులో ఎవరో పూర్తి చేశారు. చీటీ మాత్రం మేం జరపలేదు. అయిపోయింది అన్న గడిలో దాన్ని ఎవడు పెడతాడు? మెతుకు ఎండిపోయి ఊడినప్పుడల్లా ఎవరో ఒకరు కొత్త మెతుకుతో మళ్ళీ అక్కడే అంటించేవాళ్ళు.

ఆ తర్వాత మేడమ్ సెలవు పెట్టింది. ఆవిడ బదులు ఎవరో కొత్తాయన మీటింగు తీసుకున్నాడు. మా సంగతి ఆయనకేం తెలుసు? పాత పేర్ల పట్టికే దగ్గర పెట్టుకున్నాడు. అదే వేళ, కరెంటు లేదు, అదే ట్యూబులైటు. మొదలుపెట్టబోతుంటే టింగుమంది.

"హూ జాయిన్డ్?" అన్నాడాయన. ఎవరూ పలకలేదు. లైన్లో చప్పుడు మాత్రం ఉంది. చాపలు దులుపుతున్నట్టు. గాలే కావచ్చు, లైను గరగర కావచ్చు, ఎవరో ఫోను జేబులో పెట్టుకుని నడుస్తుండవచ్చు. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నవన్నీ ఇవే.

ఆయన పేర్లు పిలవడం మొదలెట్టి, బావ పేరు పిలిచాడు.

నౌపడ అమ్మాయి చెవులు మూసుకుంది. ఫోను దగ్గరున్నవాడు చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

ఆయన రెండోసారి పిలిచాడు. చప్పుడు అలాగే ఉంది. ఇంకొక్కసారి పిలిస్తే వాడైనా పలక్కుండా ఉండకూడదు. గదిలో అందరికీ తెలుసది.

"ఓకే, ఆబ్సెంట్" అన్నాడాయన.

ఏమైందో నాకు. బల్ల మీదికి వంగి అరిచేశాను. "ఇంకోపాలి పిలండి సార్!"

"సారీ?"

"ఇంకొక్కసారి పిలవండి సార్, దండం పెడతాను."

నౌపడ అమ్మాయి "వద్దన్నా, వద్దు" అని ఏడుస్తోంది. భయం నాకూ ఉంది. కాని వాడి గొంతు ఒక్కసారి, ఒకే ఒక్కసారి వింటే చాలనిపించింది. కొత్తాయన ఏమనుకున్నాడో ఏమో, మూడోసారి పిలిచాడు.

కొబ్బరాకుల చప్పుడు ఆగిపోయింది. లైను అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత టుంగుమంది. ఎవరో లైన్లోంచి వెళ్ళిపోయారు.

కొత్తాయన గొంతు సవరించుకుని నా పేరు పిలిచాడు. మొదటి పిలుపుకే పలికాను.