దేవిక తుపాకి, బాలనర్సయ్య కొరడా

మీరు చివరిసారి ఒక మనిషి మీద చెయ్యి చేసుకున్నారే, దానికి ముందు ఏ ఆట ఆడి ఉన్నారు? గుర్తు లేదంటే, దేవిక మీద తీర్పు చెప్పడానికి మా గల్లీ పెద్దలకున్నంత అర్హత మీకూ ఉన్నట్టే.

దేవిక ధూళిమిట్టలో పుట్టి, పెళ్లితో సిద్దిపేటకు వచ్చింది. భర్త రమాకాంత్ భీవండిలో మరమగ్గాల మీద పని చేస్తాడు. కూలికి పోయే ఆడవాళ్లు పొద్దున్నే పిల్లలను ఆమె ఇంట్లో దింపిపోతారు. ఆమె వాళ్లకు తినిపిస్తుంది, పాటలు నేర్పుతుంది, మధ్యాహ్నం పడుకోబెడుతుంది. వాళ్లు నిద్రపోయాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మనుషులను కాలుస్తుంది, ఫోనులో. ఆమె గురికి తిరుగులేదని రమాకాంత్ అంటాడు. అతని సాక్ష్యం నమ్మదగినదే, ఆ జట్టులో రెండో తుపాకి అతనిది.

"ఎడమ దిక్కు గోడ ఎనక ఒకడున్నడు, సూడు," అంటాడు రమాకాంత్ ఆమె చెవిలో.

"సూసిన. నువ్వు తిన్నవా?"

"తిన్న, పప్పుచారు. ఆగు, తల దించు!"

కొందరు దంపతులు వీడియో కాల్‌లో ఒకరినొకరు చూస్తూ మాటలు దొరక్క కూర్చుంటారు. వీళ్లకు శత్రువు ఉన్నాడు కనుక మాటలకు కొరత లేదు.

అభియోగం ఆషాఢంలో పుట్టింది. బాలనర్సయ్య ఏటా పోచమ్మ బోనాల ముందు ఒళ్లంతా పసుపు పూసుకుని కొరడా ఝళిపిస్తూ ఆడే పోతరాజు. మిగతా రోజుల్లో గల్లీ పెద్దమనిషి. బోనాలు వారం ఉన్నాయనగా ఆయన దేవిక వాకిలి ముందు నుంచి పోతుంటే, యాదవ్వ మనుమరాలు, నాలుగేళ్ల సౌమ్య, చపాతీ కర్ర ఎక్కుపెట్టింది.

"ఠాయ్! తాతా, నువ్వు సచ్చిపోయినవ్. కింద పండు!"

మరో తాతయితే గుండె పట్టుకుని పడిపోయినట్టు నటించేవాడు. కానీ పోతరాజు అమ్మవారి తమ్ముడు. పండుగ వారంలో ఆయనను చచ్చిపోయినవ్ అనడం అపశకునం, అపశకునానికి బాధ్యులు ఉండి తీరాలి. నాలుగేళ్ల పిల్ల మీద నేరం నిలవదు కాబట్టి, ఫోను పట్టుకున్న దేవిక దొరికింది.

మరునాటి సాయంత్రం కుల సంఘం రేకుల షెడ్డులో అందరూ కూర్చున్నారు. తేలవలసినది ఒక్కటే: రేపటి నుంచి పిల్లలను దేవిక ఇంటికి పంపాలా, వద్దా? పంపకపోతే ఆమెకు పని లేదు. ఆమెకు పని లేకపోతే ఆ తల్లులకూ లేదు. హింసాత్మకమైన ఆటలు మనిషి నడతను మారుస్తాయా అన్న ప్రశ్న మీద పరిశోధకులే ఇంతవరకు ఒక్క మాటకు రాలేదు. మా సంఘం చాయ్ చల్లారే లోపల వచ్చింది.

"తుపాకి ఆట ఆడితె మనసు తుపాకి అయితది," అన్నాడు బాలనర్సయ్య. "గా ఫోను పోచమ్మ గుడిల పెట్టాలె, దేవిక ఆట మానాలె. లేకుంటె పిల్లలు బంద్."

దేవిక లేచింది. "మామా, నువ్వు పెండ్లి గాకముందు సంది కొరడ పట్టినవు. దాంతోని గీ గల్లీల ఎవరినన్న కొట్టినవా?"

"గది దేవుని పని, బిడ్డా. కొరడ దింపినంక నేను గొర్రెపిల్లను."

"ఫోను దింపినంక నేను గూడ గొర్రెపిల్లనే గద!"

షెడ్డంతా నవ్వింది. వాదనలో లోపం లేదు. విచారణ అక్కడితో ముగిసి ఉంటే సంఘం పరువు దక్కేది. అయితే గుమ్మం దగ్గర నిలబడ్డ బాలనర్సయ్య భార్య కొండవ్వను ఎవరూ సాక్షిగా పిలవలేదు. పిలవని సాక్షి కాబట్టి ఆమె నిజం చెప్పింది.

"కొరడతోని కొట్టలే, గది నిజమే. పత్తాలాటల ఓడి ఇంటికొచ్చినప్పుడు ఉత్త చేతితోని కొట్టిండు. గా రాజు, రాణి బొమ్మల పత్తాలల్ల తుపాకులు ఏడున్నయి?"

"ఏయ్, ఇంట్ల ముచ్చట్లు గీడ తియ్యకు!"

"గీడ కూసొని తీస్తున్నయి ఎవరింటి ముచ్చట్లు? దేవికది ఇల్లు గాదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాలనర్సయ్య భుజం మీది తువ్వాలను అవసరం లేకపోయినా సర్దుకున్నాడు. యాదవ్వ లేచి, "నాకు రేపు నాట్లున్నయి. నా మనుమరాలు దేవిక తాన్నే ఉంటది," అంది. మిగిలిన ఆడవాళ్లకూ నాట్లున్నాయి. అభియోగం అంతటితో వీగిపోయింది.

గెలిచిన మనిషి ఇంటికి పోవాలి. దేవిక కదల్లేదు. 'ఓడి ఇంటికొచ్చినప్పుడు' అన్న కొండవ్వ మాట ఆమెను వదల్లేదు.

"యాదవ్వత్తా, మొన్న సౌమ్య నిద్ర లేచి నీళ్లడిగింది. నా చెవుల మా ఆయన మాట్లాడుతున్నడు, ఆట ఓడేటట్టున్నది. పిల్లొచ్చి వైరు గుంజింది. నేను దాని రెక్క పట్టి నూకిన. మస్తు ఏడ్సింది."

"రెక్క ఎర్రగుంటె దోమ కుట్టిందనుకున్న," అంది యాదవ్వ. "గది దోమ గాదన్నట్టు."

"సూసిన్రా, నేను చెప్పలే?" బాలనర్సయ్యకు ప్రాణం లేచివచ్చింది. కొండవ్వ అటు తిరిగి చూసింది. ప్రాణం మళ్లీ కూర్చుంది.

ఆ పిల్లను నూకింది తుపాకియా, ఓటమియా, లేక చెవిలో తప్ప ఎక్కడా దొరకని మొగుడి గొంతును ఎవరో లాగేసుకున్నారన్న కోపమా? న్యాయస్థానమైతే ఒక ముద్దాయిని చూపించమంటుంది. దేవికకు అంత తీరిక లేదు, తెల్లవారితే పిల్లలు వస్తారు.

వచ్చారు. సౌమ్య కూడా వచ్చింది. మొదటి పిల్ల గడప దాటగానే దేవిక ఎదురింటికి నడిచి, ఫోను కొండవ్వ చేతిలో పెట్టింది.

"ఎవరన్న తల్లి ఫోన్ చేస్తె నన్ను పిలువు, అత్తా. మా ఆయన చేస్తె మాత్రం పిలువకు."

"ఏమని చెప్పాలె?"

"పిల్లలు పోయినంక ఆడుదమను."

పిల్లలు పోయే వేళకు భీవండిలో రమాకాంత్ షిఫ్టు మొదలవుతుంది. ఇకమీదట అతనికి సెలవు దొరికిన సాయంత్రాలే వాళ్లకు మిగులుతాయి. ఆ సంగతి తెలిసే దేవిక ఆటను తీసెయ్యలేదు, గుడిలోనూ పెట్టలేదు. పిల్లలు ఇంట్లో ఉన్నంతసేపు ఫోనును కొండవ్వ ఇంటి గడప దాటనివ్వకూడదని నిర్ణయించుకుంది.