గడ్డం తొండల సామాను

మా ఆయన మస్కట్‌లో ఒంటెలు కాస్తాడని మా అత్తమ్మ మా ఊరు మేడిపల్లి అంతా చెప్పుకుంది. ఒంటె అంటే కొంచెం మర్యాద ఉంటుంది. నిజానికి ఆయన కాసేది తొండలను. యజమాని కూతురు ముచ్చటపడి పెంచుకున్న, గొంతు కింద గడ్డంలా ముళ్లుండే గడ్డం తొండలవి, ఒక ఆడది, ఒక మగది. ఆ అమ్మాయి చదువుకు వేరే దేశం పోతూ, తను తిరిగొచ్చేసరికి వాటికి పిల్లలు కావాలని తండ్రిని కోరింది. తండ్రి ఆ పని తీసుకొచ్చి, ఇంట్లో గిన్నెలు తోమే మా ఆయన నెత్తిన పెట్టాడు.

గుడ్లు పిల్లలైతే సెలవిస్తానని, టికెట్టు కూడా తనే కొంటానని యజమాని మాటిచ్చాడట. పాస్‌పోర్టు యజమాని బీరువాలోనే ఉంది. మా పాపకు తండ్రి అంటే ఫోన్లో కనబడే ముఖమే, దాని కింద మెడ ఉంటుందని కూడా నమ్మకం లేదు. అందుకే కోరుట్లలో అద్దె గదిలో బీడీలు చుట్టుకునే నేను, తొండల సామాను ఎంచే పనిలో పడ్డాను.

నేనే ఎందుకంటే, అక్కడి దుకాణంలో డబ్బాల మీద రాతలన్నీ ఇంగ్లీషు, అరబ్బీ. మా ఆయన కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. తాటిచెట్టు మీద నిలిచినంత సేపు బడిలో నిలవలేదు. చెట్లు ఎండిపోయి బేరం పడిపోయాక ఎడారి దారి పట్టాడు. నాకు ఇంటర్ చదువుంది. ఆయన దుకాణంలో నిలబడి ఒక్కో డబ్బా ఫొటో పంపేవాడు. నేను ఒళ్లో బీడీల చాట పెట్టుకుని, ఫొటో పెద్దది చేసి చదివి చెప్పేదాన్ని. ఎదురుగా అత్తమ్మ తునికాకు కత్తిరిస్తూ, అడిగినా అడగకపోయినా తన తీర్పు చెప్పేది.

ముందు లైట్ల గొడవ. ఆయన ఎర్రబల్బు ఒకటి పట్టుకున్నాడు, మన దిక్కు కోళ్లఫారాల్లో పిల్లలకు పెట్టేలాంటిది. నేను చదివితే తేలిందేమిటంటే, వెచ్చదనానికి ఒక బల్బు, ఎండ గుణం ఇచ్చే ట్యూబులైటు వేరే ఒకటి కావాలి. ఆ ట్యూబు లేకపోతే ఎముకలు మెత్తబడతాయి. దాన్ని అద్దం మీద పెడితే గుణమంతా అద్దమే తినేస్తుంది, జాలీ మీద పెట్టాలి. నాకు ఒళ్లు మండింది. బయట మనిషిని మాడ్చే ఎండ, లోపల ఏసీ, ఆ ఏసీలో తొండకు డబ్బాలో కొన్న ఎండ. మా ఆయన మొదట్లో ఆ ఎండలోనే బిల్డింగు పని చేశాడు. అప్పుడు ఆయన కోసం ఎవరూ థర్మామీటరు కొనలేదు. తొండకు మాత్రం రెండు కావాలి, ఎండ పట్టున ఒకటి, నీడ పట్టున ఒకటి.

తర్వాత మేత. బతికున్న మిడతలు, బొద్దింకలు డబ్బాల్లో అమ్ముతారు. అత్తమ్మ కత్తెర ఆగిపోయింది.

"బొద్దింకలు కొంటరా? మనింట్లయి పంపుదమా మరి?"

ఇంట్లో పట్టినవి పనికిరావని, వాటి ఒంట్లో పురుగుమందు ఉంటుందని చెప్పాను. పైగా వాటికి కాల్షియం పొడి అద్ది పెట్టాలి. మిరపకాయకు పిండి అద్దినట్టా అని ఆమె అడిగింది. అట్లాగే అన్నాను. తన కొడుకు బొద్దింకలకు పిండి అద్దడానికి దేశాలు దాటాడన్న బాధ ఆమె ముఖంలో పూటంతా కనిపించింది.

తడి మట్టి, ఇసుక కలిపి పెట్టిన పెట్టెలో ఆడతొండ బొరియ తవ్వి గుడ్లు పెట్టింది. వాటిని పొదిగే పెట్టె కూడా నేనే ఎంచాను. దాని కాగితంలో గుడ్లను కదపకూడదని, పెట్టింది పెట్టినట్టే ఉంచాలని ఉంది. నేను అదే చెప్పాను. కానీ మా వాడకట్టులో కోళ్లను పొదగేయాలంటే అందరూ పిలిచేది అత్తమ్మనే. ఆమె ఫోన్ లాక్కుంది.

"కోడి రోజు ముక్కుతోని గుడ్లు తిప్పుకుంటది. ఆడ కోడి లేకపాయె. నువ్వే తిప్పు కొడుకా."

పెళ్లాం మాటా, తల్లి మాటా అన్నప్పుడు మా ఆయన ఏది వింటాడో నేను చెప్పక్కర్లేదు. శ్రద్ధగా రోజూ తిప్పాడు. గుడ్లన్నీ సొట్టలు పడి బూజు పట్టాయి. ఇంకోసారి ఇట్లయితే సెలవు మాట ఎత్తొద్దని యజమాని కేకలేశాడు.

అత్తమ్మతో నేను మాట్లాడడం మానేశాను. ఆమె ఎవరికీ చెప్పకుండా కొండగట్టు పోయి, అంజన్నకు ముడుపు కట్టి వచ్చింది. తొండగుడ్ల కోసం దేవుడికి మొక్కినవాళ్లు అంతకుముందు ఎవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. కోపంలోనే నవ్వొచ్చింది. కొన్ని వారాలకు ఆడతొండ మళ్లీ గుడ్లు పెట్టింది. ఈసారి అత్తమ్మ తనంతట తనే సలహా మార్చింది. పొదగేసే గుడ్లకు మనం బొగ్గుతో గుర్తు పెడతాం కదా, అట్లా ప్రతి గుడ్డుకూ పైవైపు చుక్క పెట్టి, ఆ చుక్క ఎప్పుడూ పైకే ఉండేట్టు చూడమంది. తప్పు ఒప్పుకోకుండా తప్పు దిద్దుకోవడం ఆమెకే చెల్లింది. ఆ ఇంట్లో బొగ్గు ఎక్కడిది, మా ఆయన పెన్సిల్‌తో పెట్టాడు.

గుడ్లు పగిలాయి. వేలెడంత పిల్లలు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ. అత్తమ్మ మేడిపల్లిలో ఒంటె ఈనిందని చెప్పుకుంది. నేను మంచం మీదికి కొత్త దుప్పటి కొన్నాను. పాప రోజూ వీధి చివరిదాకా పోయి ఆటోలు చూసొచ్చేది.

ఒకరోజు మా ఆయన ఫోన్ చేసి, చాలాసేపు పాపతో అవీ ఇవీ మాట్లాడాడు. తర్వాత నాతో అన్నాడు.

"పిల్లలు నా చేతులకెల్లి తప్ప తింటలెవ్వు. నువ్వు పోతే ఇవి సస్తయి, ఇంకో ఏడాది ఉండు అన్నడు సేటు."

సామాను అంత బాగా ఎందుకు ఎంచానా అనిపించింది. నన్ను నవ్వించాలని ఆయన ఫోన్ తిప్పాడు. అరచేతిలో ఒక తొండపిల్ల కడుపు ఆనించి పడుకుంది.

"బాపూ, గది నిన్ను గుర్తు పడ్తదా?" అని పాప అడిగింది.

"పడ్తది బిడ్డా," అన్నాడు.

తొండపిల్ల హాయిగా కళ్లు మూసుకుంది. ఆ అరచేయి ఎంత వెచ్చగా ఉంటుందో నాకు తెలుసు. దాన్ని చూసి నాకు కడుపు మండిపోయింది.