తలకట్టు అంటిందా, లేదా

ఎడిన్‌బర్గ్‌లో మాస్టర్స్ చేస్తున్నప్పుడు నా డిసర్టేషన్ అంతా వేరుశనక్కాయంత పుర్రెల మీదే. యాంటెకైనస్ అని ఒక ఆస్ట్రేలియా జంతువు. చూస్తే అచ్చం మన చుంచెలుకే, కానీ కంగారూకి చుట్టం, పురుగుల్ని పట్టి తింటుంది. అందులో పసుపు కాళ్ళ జాతి ఒకటి, గోధుమరంగు జాతి ఒకటి. తోలు ఉంటే రంగు చూసి చెప్పొచ్చు. పుర్రె ఒక్కటే చేతికొస్తే దేవుడే దిక్కు. అంగిట్లోని రంధ్రాల మధ్య ఎడం కొలిచి జాతి చెప్పగలమా అన్నదే నా ప్రశ్న.

మ్యూజియంలో పుర్రెలు దాచే స్టోర్‌లో ఒకటే రూలు: ఒకసారికి ఒక డబ్బానే తెరవాలి. తప్పితే మళ్ళీ లోపలికి రానివ్వరు. రానివ్వకపోతే నా డిగ్రీ గోవిందా. తెలిసి కూడా, ఒక శుక్రవారం బస్సు పోతుందన్న తొందరలో రెండు తెరిచి, రెంట్లోని పుర్రెల్నీ ఒకే బల్ల మీద పెట్టాను. నూరేళ్ళు దాటిన పుర్రెలు. ఎముక మీద నంబర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. ఏది ఏదో డబ్బాకే తెలుసు. నేనేమో మహా తెలివిగా వాటి కింద కాగితం ముక్కలు పెట్టి పెన్సిల్‌తో గుర్తులు రాసుకున్నాను. పసుపు కాళ్ళదానికి 'ప'. రెండోదానికి రంగూ హంగూ లేదని నేను 'వట్టిది' అనేదాన్ని, అందుకని దానికి 'వ'.

కొలతలు అయ్యాక, శానిటైజర్ తడి ఆరని చేత్తో ఆ ముక్కల్ని సర్దాను. పెన్సిల్ అలుక్కుపోయింది. లైటు కింద పెట్టి చూస్తే రెంటి మీదా ఒకటే అక్షరం! తలకట్టు అంటితే వ, అంటకపోతే ప. "ఎడం ఉంచవే, ఎడం!" అని అమ్మ మొట్టికాయలు వేసి మరీ నేర్పింది ఇదే.

బయటికొచ్చి, వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేసే, నాతో ఫ్లాట్‌లో ఉండే అక్కకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"కొలిచావుగా, దాన్నిబట్టి డబ్బాల్లో పెట్టెయ్. ఎవరికి తెలుస్తుందే? నా బ్రేక్ అయిపోతోంది, ఉంటా."

ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే భయం రెట్టింపైంది. కొలత నిజమో కాదో డబ్బా చెప్పాలి. ఏ డబ్బాదో కొలతే చెబితే నేను రాసేదంతా అబద్ధం.

స్టోర్ చూసుకునే పెద్దావిడ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ రెండక్షరాలూ పదేసిసార్లు రాయి," అంది.

రాశాను. ఆవిడ భూతద్దం పెట్టి నా రాతనీ, అలుక్కుపోయిన ముక్కల్నీ చాలాసేపు పోల్చింది. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి. చివరికి కాగితం నా వైపు తిప్పి, మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టింది.

"ఇది ఏది?"

చూశాను. ఇప్పుడే నా చేత్తో రాసిన అక్షరం. 'ప'నో 'వ'నో నాకే తెలియలేదు.

ఆవిడ పుర్రెల్ని చెరో డబ్బాలో పెట్టి, రెండు డబ్బాల మీదా జాతి పేరు పక్కన ఇంకుతో ప్రశ్నార్థకం పెట్టింది. దాని కింద నన్ను సంతకం చెయ్యమంది.

"సోమవారం రానా?" అని అడిగాను.

"రా. ఒక్కో డబ్బా."

నూరేళ్ళుగా ఎవరెవరో విడివిడిగా కాపాడుకొచ్చిన వాటిని నేను ఒక బస్సు కోసం కలిపేశాను. ఆ బస్సు ఎక్కబుద్ధి కాలేదు. నడిచి ఇంటికెళ్ళాను.