ట్యాంకుకు ఒక మూత

ఉదయం పదకొండు గంటలకు ఆర్మీ ట్రక్కు నన్ను దించి వెళ్లిపోయింది. లద్దాఖ్‌లో పదమూడు వేల అడుగుల ఎత్తు. పట్టపగలే మైనస్ పన్నెండు. మునగాల పొలాల్లో పెరిగినవాణ్ణి, చలంటే మఫ్లరు చుట్టుకుంటే పోతుందనుకునేవాణ్ణి. అక్కడ దిగిన పది నిమిషాలకే మీసం మీద ఊపిరి గడ్డకట్టింది.

నా డ్యూటీ డిస్పాచ్ రైడర్. కింది క్యాంపు నుంచి పై పోస్టుకు తొమ్మిది కిలోమీటర్లు. జీపు పట్టని దారి. కాగితాలు, మందులు, ఉత్తరాలు అన్నీ మోటార్‌సైకిల్ మీదే పోవాలి.

బండి పాతది. మంచు పడితే వారాల తరబడి కదిలేది కాదు. నిలవ పెట్రోలు జిగురై ట్యాంకు అడుగున, కార్బురేటర్‌లో పేరుకునేది. అది వదలడానికి పెట్రోల్లో కలిపే క్లీనర్ ఒకటి స్టోర్లో ఉండేది. వాహనాలు చూసే హవల్దార్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. సీసా నా చేతికిస్తూ ఒక వేలు చూపించాడు.

"ఫుల్ ట్యాంక్. ఏక్ ఢక్కన్. బస్."

నిండు ట్యాంకుకు ఒక మూత. అంతకు మించి వద్దని ఆర్డర్.

వరికి మందు కొట్టేవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? పంపుకు ఒక మూత అని డబ్బా మీద రాసే ఉంటుంది. మా నాయన ఏనాడైనా ఒకదానితో ఆపాడా? "కంపెనోడు తక్కువనే రాస్తడు రా. ఇంకో రెండు పొయ్యి, పురుగు ఖతమైతది" అనేవాడు. ఆ అలవాటు నాతోపాటు రైలెక్కి అంత దూరం వచ్చింది. నాలుగు మూతలు పోశాను. ఇంజిన్ అద్దంలా అవుతుందిలే అనుకున్నాను. ఏం తెలివి నాది!

మర్నాడు మధ్యాహ్నం రెండూ పదికి రేడియో పలికింది. "పై పోస్టులో ఒకడికి ఊపిరందడం లేదు. మెడిక్‌ను పంపండి. తొందరగా."

మెడిక్, అంటే క్యాంపులో వైద్యం చూసే జవాను, మిర్యాలగూడవాడు. నాకంటే మూడేళ్లు చిన్న. ఆ క్యాంపులో తెలుగు మాట్లాడుకునేది మేమిద్దరమే. ఆక్సిజన్ సిలిండర్ వీపుకు కట్టుకుని వెనక ఎక్కాడు.

"జర గట్టిగ పోనియ్ అన్నా."

ఆరో కిలోమీటరులో ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కిక్కు కొట్టీ కొట్టీ కాలు పడిపోయింది. గ్లవ్స్ తీసి కార్బురేటర్ విప్పాను. లోపల నల్లటి మడ్డి. నేను పోసిన నాలుగు మూతలు ఏళ్ల నాటి మురికినంతా ఒక్కసారే ఊడగొట్టాయి. అదంతా వచ్చి పెట్రోలు చిమ్మే సన్న రంధ్రానికి అడ్డం పడింది.

"ఎంతసేపైతది?" అన్నాడు మెడిక్.

"రెండు గంటలన్నా పడ్తది."

"గంతసేపు వాడు ఉండడన్నా."

నడక మొదలుపెట్టాడు. యాభై గజాల అవతల గడ్డకట్టిన వాగు. రెండో అడుగుకే మంచు పగిలి ఎడమ కాలు మోకాలి దాకా నీళ్లలో దిగింది.

"తమ్మీ, బూటు తడిసింది! మేజోడన్నా మార్చుకో!" అని అరిచాను.

వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపి పైకి ఎక్కిపోయాడు.

నాలుగూ ఐదుకు పై పోస్టు నుంచి క్యాంపుకు కబురు. పేషెంట్ బతికాడు. మెడిక్ ఎడమ కాలు మాత్రం తడి బూటులోనే గడ్డకట్టింది. దవాఖానలో ఐదు వేళ్లూ తీసేశారు.

రిపోర్టులో 'పెట్రోల్లో చెత్త' అని రాశాను. చెత్త ఉన్న మాట నిజమే. అది ఎలా కదిలిందో రాయలేదు. ఉస్తాద్ సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడి పోస్టింగ్ ముగిసింది. కొన్నేళ్లకు సర్వీసూ ముగిసింది. ట్రంకుపెట్టెతో సూర్యాపేటలో బస్సు దిగి ఇంటికి చేరాను. ఇప్పుడు కోదాడలో బైకుల మెకానిక్ షాపు. క్లీనర్ అడిగినవాళ్లకు సిరంజితో కొలిచి పోస్తాను. "ఏందన్నా, దవాఖాన గిట్ల పెట్టినవా?" అని నవ్వుతారు. నవ్వనీ.

పోయిన వేసవిలో మెడిక్ వచ్చాడు. చెల్లెలిది ఈ ఊరేనట. కావలించుకుని, బండి తాళం నా చేతిలో పెట్టాడు.

"పికప్ లేదన్నా. గా క్లీనర్ పొయ్యి. జర ఎక్కువనే పొయ్యి."

సిరంజి కింద పెట్టాను. ఇక ఆపుకోలేకపోయాను. "ఆ దినం నాలుగు మూతలు పోసిన తమ్మీ. ఒక్కటే పొయ్యాలె. నీ కాలి వేళ్లు నా వల్లనే పోయినయ్."

వాడు బల్ల మీద కూర్చున్నాడు.

"నాకెరుకే. ఉస్తాద్ దవాఖానకొచ్చి చెప్పిండు. పన్నెండేండ్ల సంది నువ్వే ఫోన్ చేసి చెప్తవని సూసిన అన్నా."

నాకు ఏడుపొచ్చింది. వాడు ఓదార్చలేదు, తిట్టలేదు. చాయ్ తాగాడు. నేను క్లీనర్ కొలిచి పోశాక ట్యాంకు మూత తనే బిగించాడు. బండి స్టార్ట్ చేసి, ఎడమ కాలు ముందుకు జరిపి, మడమతో గేరు తొక్కాడు. బూటు ముందు భాగం ఖాళీగా పైకి లేచింది. లోపల ఏమీ లేక మధ్యకు మడతపడి ఉంది.