మా గల్లీలో భూమి వయసు పరిచిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలిసిన సంగతి ఏదైనా సరే, అది వినడానికి వరంగల్ అంతా చెవులు కోసుకుంటోందని నాకు గట్టి నమ్మకం. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఓ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరిన కొత్త. బస్సులో పక్క సీటావిడ కిటికీలోంచి గుట్ట వైపు చూసిందంటే చాలు, ఆ గుట్ట పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెట్టేదాన్ని. ఆవిడ తన స్టాపు రాకముందే దిగిపోయేది. (నా మాటలు విన్నాక నేల మీద నడవాలనిపించిందేమో అనుకునేదాన్ని.) మేముండే కొత్తవాడలో నాకు 'రాళ్ల మేడం' అని పేరు. అందులో వెటకారం ఉందని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. తెలిశాక కూడా ఆ పేరు మీద మోజు తగ్గలేదు.

బాపుది కొత్తవాడలో జంపఖానాల దుకాణం. మగ్గాల మీద నేయించి అమ్ముతాడు. ఆయనకు నేనొక్కదాన్నే సంతానం. లెక్కల్లో గట్టిదాన్ని, బేరంలో మొండిదాన్ని. ఇన్ని అర్హతలున్న పిల్ల సుత్తి పట్టుకుని గుట్టల వెంట తిరగడం ఆయనకు బొత్తిగా మింగుడు పడలేదు. ఒకరోజు అన్నం తింటూ తేల్చేశాడు. "బిడ్డా, నువ్వు చెప్పేది కాలేజీల పోరగాండ్లు మార్కుల కోసం వింటాండ్రు. బయట ఓ పది మందికి సమజ్ అయ్యేటట్టు జెప్పు. ఇగ నీ జోలికి రాను. కాకుంటే ఉగాది నుంచి గల్లా మీద కూసో." నేను వెంటనే అందుకుని, "భూమి వయసు నాలుగు వందల అరవై కోట్ల ఏళ్లు బాపూ" అంటూ మొదలుపెట్టాను. ఆయన ఎంగిలి చెయ్యి అడ్డం పెట్టాడు. "గట్ల అంకెలు జెప్తే ఎవ్వనికి ఎక్కది. జంపఖానా గురించి ఫోన్ల ఎంత జెప్పినా కొంటరా? పరిచి సూపెట్టాలె."

ఆయన అన్నది బేరం సంగతే గానీ, ఆ మాట నన్ను పట్టుకుంది. పది కోట్ల ఏళ్లకు ఒక జంపఖానా చొప్పున నలభై ఆరు వరసగా పరిస్తే భూమి పుట్టుక నుంచి ఈ పూట దాకా వచ్చేస్తుంది. జనం ఈ చివర మొదలుపెట్టి ఆ చివరకు నడుస్తారు, నేను పక్కనే నడుస్తూ చెబుతాను. చెప్పులతో ఎవరూ తొక్కకూడదన్న షరతు మీద బాపు సరుకు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. 'ఆదివారం ఉదయం మా గల్లీలో భూమి చరిత్ర మీద నడక, అందరూ ఆహ్వానితులే' అని వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాను. మా దుకాణం మెట్ల దగ్గర నుంచి మెయిన్ రోడ్డు మలుపు దాకా ఎరుపు, నీలం, పచ్చ చారల కొత్త జంపఖానాలు పరుచుకుంటూ పోతుంటే, ఇంత అందమైన భూగోళం ప్రపంచంలో మరెవరి దగ్గరా లేదనిపించి నా ఒళ్లు పులకరించింది.

నేను మరిచిపోయినదల్లా ఒక్కటే. మా ఊళ్లో జంపఖానా పరిచారంటే కూర్చోమని అర్థం. మా అవ్వలూ తాతలూ మాకు నేర్పిన మర్యాద అది. కొత్త సరుకును ఈ చివర నుంచి ఆ చివరకు కాళ్లతో తొక్కుకుంటూ పోవడమనే ఆలోచనే ఎవరికీ రాదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే చెప్పులు విప్పి, చీరలూ లుంగీలూ సర్దుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పైగా ఎండ ఏటవాలుగా పడుతోంది కాబట్టి అందరూ నీడ ఉన్న వైపే, అంటే భూమి మొదటి సగంలోనే సర్దుకున్నారు. మనుషులు, జంతువులు, చెట్లు ఉండాల్సిన రెండో సగం ఎండలో ఖాళీగా మెరుస్తోంది. జీవం అనేదే సరిగా లేని కాలంలో మాత్రం ఇసుక వేస్తే రాలనంత జనం.

"అందరూ జర లేవండి, నడవాలె" అని మైకులో బతిమాలాను. మా పెద్దమ్మ (బాపుకు వదిన, రెండు మోకాళ్లూ అరిగిన మనిషి) తల అడ్డంగా ఊపింది. "కూసున్నోళ్లను లేపుడు ఏం పద్ధతి బిడ్డా. నువ్వే చెప్పుకుంట తిరుగు, మేం వింటం." ఈలోగా మా అమ్మ, వరసగా కూర్చున్న జనాన్ని చూసి చేతులు కట్టుకుని ఉండలేక, ఇంట్లోంచి ఉప్మా గిన్నె తెచ్చి వడ్డన మొదలుపెట్టింది. కొత్త సరుకు మీద ఉప్మా పడుతుంటే బాపు ముఖం చూడాలి. దుకాణం మెట్ల మీద చేతులు కట్టుకుని, పుట్టెడు దుఃఖంలో ఉన్నవాడిలా నిలబడ్డాడు. ఆ చూపు చూస్తే నాకు గల్లా పెట్టె కళ్ల ముందు కదిలింది, నిజంగానే భయం వేసింది.

ఇక లాభం లేదని, నడవని జనం దగ్గరకు నేనే పరిగెత్తాను. ఒక్కో జంపఖానా దగ్గర ఆగి, దాని మీద కూర్చున్నవాళ్లకు వాళ్ల కాలంలో ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాను. మా కిరాణం కాక ఇరవై రెండోదాని మీద ఉన్నాడు. "కాకా, మన హన్మకొండ గుట్టల రాయి గడ్డకట్టింది నువ్వు కూసున్నకాడనే. రెండు వందల యాభై కోట్ల ఏళ్లయితాంది, అటూ ఇటూ ఓ కోటి." కాక ఉప్మా తినడం ఆపాడు. "అటూ ఇటూ కోటి అంటవేంది? నా దుకాణంల గట్ల తూకమేస్తే ఊకుంటరా?" అన్నాడు గానీ, ఒకసారి కిందికి చూసుకుని, పక్కవాళ్లను కాస్త జరగమని, కాళ్లు దగ్గరకు లాక్కుని మరింత హుందాగా కూర్చున్నాడు. పెద్దమ్మ ఉన్నది ఆ తర్వాతి జంపఖానా. కంటికి కనపడని సూక్ష్మజీవులు గాలిలోకి ప్రాణవాయువు నింపిన కాలం అదని చెప్పాను. పెద్దమ్మ నాలుగు వైపులా చూసి, "ఇన్నరా? మా తాన గాలి పుట్టకుంటే మీ అందరికి ఊపిరాడకపోవు" అని ప్రకటించింది. అంతే, గల్లీలో అంటుకుంది. "మా దాంట్ల ఏమైంది?", "మా దాంట్ల ఉత్త నీళ్లేనా?" అని ప్రతివాళ్లూ పిలిచేవాళ్లే. గొంతు బొంగురుపోతున్నా, అన్నిటికీ జవాబు నా దగ్గర ఉందన్న గర్వంతో నేల మీద కాలు నిలవలేదు నాకు.

అప్పుడే వర్ధన్నపేట నుంచి టెంట్ హౌస్ మామ వచ్చాడు. బాపు దగ్గర ఏటా జంపఖానాలు కొనే మనిషి. ఆయనకు ఈ నడక సంగతి తెలియదు. ఆయనకు కనిపించిందల్లా చెప్పులు విప్పి గల్లీలో కింద కూర్చున్న జనం, మెట్ల మీద ఏడుపు ముఖంతో బాపు. ఆయన చెప్పులు మూలకు విప్పి, చోటున్న ఎండలోనే, చివరి జంపఖానా మీద పరామర్శకు వచ్చినవాడిలా తల దించుకుని కూర్చున్నాడు. నేను అటు పరిగెత్తుకొచ్చి, మైకులో "ఇక్కడే అందరూ పోయిండ్రు" అన్నాను. రాక్షసబల్లుల సంగతి. ఆయన మెల్లగా అడిగాడు, "ఎప్పుడు పోయిండ్రమ్మా?" "ఆరున్నర కోట్ల ఏళ్ల కింద మామా." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "అయ్యో, నాకెవ్వలు కబురు జెప్పకపాయె."

నవ్వులు ఆగాక కిరాణం కాక ఒక ప్రశ్న వేశాడు. "మరి మన ఖిలా యాడుంది?" చివరి జంపఖానా చివరి కుచ్చు చూపించి, కోట కట్టి గడిచిన కాలమంతా కలిపినా ఇందులో ఒక దారపు పోగంత మందం కూడా రాదని చెప్పాను. గల్లీ చల్లబడింది. వరంగల్ మనిషితో ఖిలాను తక్కువ చేసి మాట్లాడకూడదన్న ఇంగితం నా ఎమ్మెస్సీలో చెప్పలేదు. పెద్దమ్మ ముఖం తిప్పుకుంది. సర్దుకోవడానికి గబగబా అన్నాను, "కోట కట్టింది మొన్ననే. కానీ ఆ గోడ రాయి మాత్రం కాక కూసున్న కాలంది. హిమాలయాలు లేచి సగం జంపఖానా కూడా కాలే. మన రాయి ముందు అవి పాలు తాగే పిల్లలు." కాక లేచి నిలబడి, తానే ఆ రాయిని కన్నంత ఠీవిగా అందరి వైపూ చూశాడు. ఎవరో చప్పట్లు కొట్టారు.

చికెన్ దుకాణం దగ్గర లైను పెరుగుతుందని జనం లేవడం మొదలుపెట్టగానే బాపు మెట్లు దిగాడు. చెప్పులు వెతుక్కుంటూ చేతికి చిక్కినవాళ్లను ఆపి, ఏం సమజైందని అడిగి వేళ్లు ముడుస్తున్నాడు. పది మంది షరతును ఆయన మరిచిపోలేదు. పెద్దమ్మ గాలి సంగతి చెప్పింది, కాక రాయి సంగతి చెప్పింది, మిగతావాళ్లు నీళ్లనీ మంచునీ తలా ఒకటి చెప్పారు. తొమ్మిదో వేలు ముడిచేసరికి గల్లీలో టెంట్ హౌస్ మామ ఒక్కడే మిగిలాడు. ఆయన బాగా ఆలోచించి, "ఆ పెద్ద బల్లులు సచ్చినంక, వాటి బొక్కలతోటి మన గుట్టలైనయ్" అన్నాడు.

"అట్ల గాదు వయా" అన్నాడు బాపు. మామ చెయ్యి పట్టుకుని మొదటి జంపఖానా దగ్గరకు తీసుకుపోయి, చెప్పులు విప్పి, దాని మీద కాలు పెట్టాడు. ఆ రోజు భూమి మీద నడిచింది వాళ్లిద్దరే. "గిక్కడ అంత నిప్పే... గిక్కడ నీళ్లు... ఆగు, గిది మన గుట్ట. గిక్కడ గాలి." నేను మైకు కట్టేసి వెనకాలే నడిచాను. ఒక్కచోటా తప్పు పోలేదు ఆయన. ఎండలోకి వచ్చి, చివరి కుచ్చు దగ్గర ఆగి, వంగి దాన్ని వేళ్లతో సవరించాడు. "గింతేనా బిడ్డా మనం?" అని అడిగాడు. గింతే బాపూ అన్నాను. ఆయన తల పైకెత్తి, వచ్చిన దారంతా ఒకసారి చూశాడు. "అయినా సూడు, గీ కుచ్చు మీద నిలవడ్డోడే గా మొదలు దాంక లెక్క దీసిండు. చిన్న ముచ్చటా ఇది?" అన్నాడు. అప్పుడు పదో వేలు ముడిచాడు.

ఇప్పుడు నెలనెలా గుట్టల మీదికి జనాన్ని నడిపిస్తున్నాను. కాలేజీ పిల్లలు వస్తారు, కుటుంబాలు వస్తాయి, మంచి బూట్లు వేసుకుని నిజంగానే నడుస్తారు. బాపు కూడా వస్తాడు. రెండు వందల యాభై కోట్లను మూడు వందలు చేసి చెబుతాడు. దుకాణదారు కదా, కొంచెం పైకే చెప్పి ఉంచుతాడు. నేను దిద్దను. మైకు పట్టుకుని గల్లీ పొడవునా పరిగెత్తిన ఆ పిల్ల మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఊరందరికీ భూమి చరిత్ర తానే నేర్పేశానని చాలా కాలం పొంగిపోయింది, పాపం. పొంగనీ. చెప్పినదాంట్లో సగం ఉప్మా వాసనలో కొట్టుకుపోయింది, ఇంకో సగం మెయిన్ రోడ్డు హారన్లలో పోయింది. అయినా బాపు నడిచాడు.