అడ్డగీత లేని రూపాయి

మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారని మా ఆవిడ చుట్టాలందరికీ చెబుతుంది. ఒకరు తను, రెండోది విక్టోరియా రాణి. స్టీల్‌ప్లాంటు రోలింగ్ మిల్లులో రిటైరై కంచరపాలెంలో స్థిరపడ్డాక నా పొద్దంతా ఆ రెండో ఆవిడతోనే గడుస్తోందని ఫిర్యాదు. అబద్ధమేమీ కాదు. కిటికీ దగ్గర భూతద్దం పట్టుకుని పాత వెండి రూపాయల మీద అక్షరాలు చూస్తూ కూర్చుంటే కాఫీ చల్లారిపోయినా నాకు ఒళ్ళు తెలియదు.

ఈ పిచ్చి మిల్లులోనే అంటుకుంది. కడ్డీల్ని సాగదీసే ఇనప రోలు మీద చిన్న పగులు పడితే, దాని కింద నుంచి వచ్చే ప్రతి కడ్డీ మీదా అదే మచ్చ. మచ్చ చూసి ఏ రోలో చెప్పడం నా ఉద్యోగం. నాణేలూ అంతే. అచ్చులో ఒక అక్షరం వంకరగా ఉంటే ఆ అచ్చుతో కొట్టిన నాణేలన్నిటి మీదా అదే వంకర. అచ్చు పగిలితే నాణెం మీద సన్నటి గీత ఉబ్బుతుంది. కొడుతున్నకొద్దీ పగులు పెరుగుతుంది, గీతా పొడుగవుతుంది. ఇదంతా ఎవరికి పనికొస్తుందని అడిగితే మాత్రం నాకు కోపం వచ్చేది. జవాబు లేక వచ్చే కోపం అది.

మాకు చేపలు తెచ్చే మనిషి మెడలో నల్లతాడుకి ఒక విక్టోరియా రూపాయి ఉంటుంది. అది వాళ్ళమ్మది. వీధి వీధీ తిరిగి చేపలమ్మి పిల్లల్ని పెంచిన ఆ తల్లి, పోయేముందు తన మెడలోంచి తీసి కూతురి మెడలో వేసిందట. రెండేళ్ళ కిందట ఆవిణ్ణి బతిమాలి, గేటు దగ్గర నిలబెట్టి, దానికి రెండువైపులా ఫోనుతో ఫొటోలు తీశాను. ఇంగ్లీషులో ఉన్న రాణి పేరులో చివరి ‘ఏ’ అక్షరానికి మధ్య అడ్డగీత లేదు. అచ్చు చెక్కినవాడు ఆ క్షణంలో ఆవులించాడేమో! అలాంటిది నేను అంతకుముందు చూడలేదు. ఎండలో చేపలు పాడైపోతున్నాయని మా ఆవిడ ఇద్దరినీ కేకలేసింది.

మొన్న వేసవిలో ఒకరోజు చేపలావిడ తట్ట కూడా దించకుండా గేటు దగ్గర నిలబడి ఏడుస్తోంది. రూపాయికి రింగు ఊడిపోతే, పూర్ణా మార్కెట్ దగ్గర వెండిపని చేసే సాయిబుగారికి ఇచ్చిందట. ఆయన కొత్త రింగు వేసి, తళతళలాడేలా తోమి ఇచ్చాడు.

“ఇది మా యమ్మది కాదు బాబూ. మెడకి తెలుత్తంది. ఇంట్లో అందరూ నవ్వుతన్నారు. రూపాయికి రూపాయొచ్చింది కదా, ఏటి ఆ ఏడుపంతన్నారు.”

నిజం చెప్పాలంటే నేనూ ఆ మాటే అనబోయాను. నోరు మూసుకుని భూతద్దం తెచ్చాను. ‘ఏ’కి అడ్డగీత నిక్షేపంలా ఉంది.

“ఇది నీది కాదమ్మా” అన్నాను.

తన మాట నమ్మిన మనిషి ఒకడు దొరికేసరికి ఆవిడ గేటు పట్టుకుని అక్కడే కూలబడింది. తట్ట మా ఆవిడే దింపింది. “ఇంకా చూస్తారేటండీ? ఆటో పిలవండి” అని నన్ను కసిరింది.

కొట్లో సంగతి వినగానే సాయిబుగారు కంగారుపడ్డాడు. “అల్లా తోడు, నాను కావాలని మార్సలేదు తల్లీ. యాసిడ్‌లోంచి తీసినప్పుడు కలిసిపోనాది కాబోలు.” పట్టీలు చెయ్యడానికి కొన్న పాత రూపాయలు పళ్ళెంలో ఉన్నాయి. కొన్ని అప్పటికే కరిగించేశాడట. ఆ మాటకి ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

మిగిలినవాటిని గుమ్మంలో వెలుతురుకి పరిచాను. అన్నీ ఒకేలా తెల్లగా ఉన్నాయి, అన్నిటికీ పాత అతుకు మచ్చలున్నాయి. వెతకగా వెతకగా అడ్డగీత లేని ‘ఏ’ కనబడింది. “దొరికింది!” అని అరిచాను. సాయిబుగారు ఊపిరి పీల్చుకున్నాడు. మిగతావి పక్కకి నెడుతుంటే అడ్డగీత లేనిది ఇంకొకటి బయటపడింది.

ఒకే అచ్చులో పుట్టిన రెండు. అచ్చులో లోపం ఒక్క నాణెంతో పోదని ఊరందరికీ పాఠం చెప్పేవాణ్ణి, ఆ ముక్క నేనే మరిచిపోయాను. ఆవిడ నా వైపే చూస్తోంది.

ఫోనులో ఫొటో పెద్దది చేశాను. అంచు నుంచి బయల్దేరిన సన్నటి పగులుగీత రాణి ముక్కుకి ఇవతలే ఆగిపోయింది. మొదట దొరికిన రూపాయి మీద అదే గీత ముక్కు దాటి చెంప మీదికి ఎక్కింది. రెండోదాని మీద, ఫొటోలో ఉన్నట్టే, ఇవతలే ఆగింది. మళ్ళీ చూశాను. అప్పుడు దాన్ని ఆవిడ అరచేతిలో పెట్టాను.

ఆవిడ దాన్ని మెడకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. “మా యమ్మే” అంది.

కళ్ళు తెరిచి, “మరా ఇంకోటేటి బాబూ?” అని అడిగింది.

“అదీ ఈ అచ్చుదే. పగులు పెరిగాక కొట్టారు కాబట్టి, దీని తరవాత పుట్టింది.”

“అయితే మా సిన్నమ్మే కదా! సిన్నమ్మని కరిగించేత్తారా? నువ్వు ఇంటికి తీసుకెల్లిపో బాబూ.”

సాయిబుగారు నవ్వేసి, కొత్త రింగుని అమ్మకి మార్చి, చిన్నమ్మని వెండి ధరకే నాకిచ్చాడు.

తిరిగొచ్చే దారంతా ఆవిడ నాకు దండాలు పెడుతూనే ఉంది. పెట్టాల్సింది నేను. ఇన్నేళ్ళుగా ఎవరికీ అక్కర్లేని నా చూపుని ఒక పూట పనికి పిలిచిన మనిషి ఆవిడ. ఆ రుణం నాకు ఇష్టంగా ఉంది.

చిన్నమ్మని మిగతా నాణేల్లాగే ప్లాస్టిక్ కవర్లో పెట్టి చీటీ అంటిస్తుంటే మా ఆవిడ లాక్కుంది. “మనిషిని కవర్లో పెడతారేటండీ?” అని తన కుంకుమభరిణ పక్కన పెట్టుకుంది. ఇప్పుడు చేపలావిడ వస్తే రూపాయిని గేటు దగ్గరికి తీసుకెళ్ళేది కూడా తనే. ఆవిడ తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని దాన్ని అందుకుంటుంది. తన మెడలోదానికి ఆనిస్తుంది.

“అమ్మా, నీ సెల్లొచ్చింది సూడు” అంటుంది. ఆ తరవాతే చేపల బేరం.