గోదావరిలో దోనె ప్రయాణానికి మేం కొన్న సామాను

ఈ ప్రయాణం నా బామ్మర్ది శ్రీను కోరిక. అతను ఇల్లందు దగ్గర బొగ్గుగనిలో పనిచేస్తాడు. ఆరేళ్లుగా రోజుకు ఎనిమిది గంటలు భూమి కింద ఉండే మనిషి. రెండు రోజులు నీళ్ల మీద తిరిగి, ఇసుక తిప్ప మీద వండుకుని, పైన ఏ కప్పూ లేకుండా పడుకోవాలని అతని ఆశ. అలాంటి వీడియోలు కనిపిస్తే నాకు పంపేవాడు. నేను తిరుమలాయపాలెం మండలంలో కరెంటు లైన్‌మన్‌ని. నాకు బావిలో నేర్చిన ఈత వచ్చు, శ్రీనుకు అసలే రాదు. అందుకే ఏడాదిపాటు ఏదో ఒకటి చెప్పి దాటేశాను. పోయిన డిసెంబర్‌లో ఇద్దరికీ సెలవులు కలిశాయి. బయల్దేరేటప్పుడు నా భార్య సరోజ గడపలో నిలబడి, "వానికి ఈత రాదు. ఎట్ల తీస్కపోతున్నవో అట్లనే తెచ్చి నాకు అప్పజెప్పాలె" అంది. నవ్వుతూ అనలేదు. దారిపొడుగునా నేను కొన్న వస్తువులన్నీ ఆ మాటకు భయపడి కొన్నవే.

ఇలాంటి ప్రయాణానికి కావలసినవన్నీ ఒకే చోట అమ్మే దుకాణం మా వైపు లేదు. ఖమ్మంలో కొన్ని, భద్రాచలంలో కొన్ని వెతుక్కోవాలి. ఉదయం తొమ్మిదింటికి ఖమ్మం కమాన్ బజార్ వైపు టార్పాలిన్లు అమ్మే యాకూబ్ భాయ్ దగ్గరికి వెళ్లి డేరా ఉందా అని అడిగాం. "టెంట్ దేనికి సార్? ఇసుకల మేకు నిలుస్తదా? టార్పాలిన్ తీస్కోన్రి. సగం కింద పరుసుకోన్రి, సగం మీద కప్పుకోన్రి" అన్నాడు. వాన పడితే ఎలా అన్నాను. "ఈ నెలల వాన పడితే నాకు ఫోన్ కొట్టున్రి, నేనే వచ్చి గొడుగు పడ్త." అంచుల్లో ఇత్తడి రింగులు కొట్టిన మందపు టార్పాలిన్ పన్నెండు వందలకు ఇచ్చాడు. ఆటసామాను దుకాణాల్లో పిల్లలు ఈతకొలనులో వేసుకునే జాకెట్లే ఉన్నాయి. పెద్దవాళ్ల లైఫ్ జాకెట్లు రెండు వారం ముందే ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టాను, రెండూ కలిపి పంతొమ్మిది వందలు. కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ ఉన్నవే కొనండి. అది లేకపోతే నీళ్లలో జాకెట్ మెడ మీదికి వస్తుంది, మనిషి కిందికి జారిపోతాడు.

అయినా నా భయం తీరలేదు. యాకూబ్ భాయ్ దుకాణానికి నాలుగు కొట్ల అవతల మేం స్తంభాలెక్కేటప్పుడు వాడే సేఫ్టీ బెల్టులు అమ్మే హార్డ్‌వేర్ దుకాణం ఉంది. దుకాణదారు రెండు రకాలు చూపించాడు. ఎంత బరువు పడినా తెరుచుకోని, రెండు చోట్ల ఒకేసారి నొక్కితేనే ఊడే కొక్కెం ఉన్నదాన్ని ఏరి తీసుకున్నాను. ఎనిమిది వందల యాభై. శ్రీను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బావా, నన్నేమన్న స్తంభమెక్కిస్తున్నవా?" అన్నాడు. "నోర్మూసుకొని కట్టుకో. మీ అక్కకు జవాబు చెప్పాల్సింది నేను" అన్నాను.

పదకొండు గంటల బస్సెక్కితే కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరడానికి మూడు గంటలకు పైనే పట్టింది. టికెట్ మనిషికి రెండు వందల లోపే. తలకు కట్టుకునే లైటు ఇల్లందు నుంచి శ్రీనే తెచ్చాడు, అక్కడ గని కార్మికుల కోసం మంచివే దొరుకుతాయి. నైలాన్ తాడు భద్రాచలంలో వలలమ్మే కొట్లో కొన్నాం, కిలోల లెక్కన ఇస్తారు. బియ్యం, బట్టలు, అగ్గిపెట్టె తడవకుండా మరమూత, రబ్బరు రింగు ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము ఆరు వందలు. పాత డ్రమ్ములమ్మే ముసలమ్మ, "మూత దీసి వాసన జూస్కో నాయనా. పురుగుల మందు పోసిన దాంట్ల బియ్యం పెట్టుకునేవు" అని హెచ్చరించింది. అటవీశాఖ వాళ్లను కలిసి, అడవిలోకి వెళ్లం, ఇసుక తిప్ప మీదే ఉంటాం అని చెప్పి అనుమతి తీసుకున్నాం. మీరూ అది లేకుండా వెళ్లకండి. ఆ రాత్రికి ఏడు వందలకు లాడ్జి దొరికింది.

మర్నాడు ఆరున్నరకు పర్ణశాల వైపు ఆటో మాట్లాడుకున్నాం. దారిలో డ్రైవర్ మా జాకెట్లు చూసి, "ఈత వచ్చా సార్?" అన్నాడు. నాకు వచ్చన్నాను. "మరి ఆ సారుకో?" అన్నాడు. రాదన్నాను. అద్దంలో శ్రీనును ఒకసారి చూశాడు.

దోనె ముత్తయ్యది. యాభై దాటిన జాలరి. రెండు రోజులకు మనిషితో సహా మూడు వేలు మాట్లాడుకున్నాం. అతని పద్ధతి నాకు నచ్చింది. దోనెలోకి ఎక్కే ప్రతి వస్తువుకూ ఒక ఖాళీ సీసా కట్టాడు, మునిగితే సీసా తేలి జాడ చెబుతుందట. శ్రీనుకు జాకెట్ తొడిగి, నడుము లోతు నీళ్లలో కూర్చోబెట్టాడు. "తేలుతున్నడు. ఇగ నాకు భయం లేదు" అన్నాడు. అందరం ఎక్కాక నేను శ్రీను నడుముకు బెల్టు బిగించి, దాని పట్టీని దోనె మధ్యలో ఉన్న అడ్డపట్టెకు రెండు చుట్లు చుట్టి కొక్కెం తగిలించాను. ముత్తయ్య తెడ్డు ఆపాడు.

"గదేంది సార్?"

"సేఫ్టీ బెల్ట్."

"గోదాట్ల మనిషిని కట్టరు సార్. సామానునే కడ్తరు."

"పద్దెనిమిదేళ్లుగా నన్ను బతికించింది ఇదే" అన్నాను.

అతను నా వైపు, తర్వాత నీళ్ల వైపు చూసి తెడ్డు వేశాడు.

గంటన్నర బాగానే సాగింది. శ్రీను పాట కూడా అందుకున్నాడు. పది గంటల వేళ, ఒడ్డుకు ముప్పై గజాల దూరంలో, దోనె ముందు భాగం కుడివైపు ఏదో ఎక్కింది. వరదకు కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయిన చెట్టు మొద్దు. దోనె ఎడమకు ఒరిగింది. "కుడికి జరుగున్రి! కుడికి!" అని ముత్తయ్య అరిచాడు. నేను జరిగాను. శ్రీను జరగలేకపోయాడు, పట్టీ అతన్ని ఉన్నచోటనే పట్టి ఉంచింది. నీళ్లు లోపలికి వచ్చాయి. అంతే, దోనె బోర్లా పడింది.

నేను పైకి తేలేసరికి బోర్లాపడ్డ దోనె కనిపించింది. దాని అంచు పక్కన నీళ్ల పైకి శ్రీను చేయి ఒకటే ఉంది. ఆ చేయి పట్టుకుని గుంజాను. కదల్లేదు. ఇంకా గుంజాను. ముత్తయ్య అవతలి వైపు నుంచి కేక వేశాడు.

"గుంజకు! లోపటికి నూకు! దోనె కింద గాలుంటది, లోపటికి నూకు!"

చేయి పైకి చాచిన మనిషిని మళ్లీ నీళ్లలోకి తోయాలి. నా చేతులు వెంటనే ఒప్పుకోలేదు. ముత్తయ్య నన్ను బూతు మాట తిట్టాడు. అప్పుడు శ్రీను భుజం పట్టి కిందికి, దోనె లోపలికి తోసి, నేనూ దూరాను. లోపల చీకటి. నా చెవి పక్కనే అతను గాలి పీల్చి దగ్గిన చప్పుడు వినిపించింది. అతన్ని అడ్డపట్టెకు ఆనించి తోసేసరికి పట్టీ వదులైంది. కొక్కెం కోసం తడిమాను. మొదటిసారి జారింది. రెండోసారి రెండు వైపులా నొక్కాను, ఊడింది. అంతా నిమిషం కూడా కాలేదని ముత్తయ్య తర్వాత చెప్పాడు. నాకు లెక్క తెలియదు.

ఒడ్డున శ్రీను బోర్లా పడుకుని నీళ్లు కక్కాడు. ఇంకో దోనె వాళ్లు మా డ్రమ్ము పట్టుకొచ్చి ఇచ్చారు. ముత్తయ్య బీడీ కోసం చూసుకుంటే అది తడిసిపోయింది. "చెప్పిన గద సార్ అని అనను" అన్నాడు. "చెప్పిన గానీ గట్టిగ చెప్పలె. సార్లకు గట్టిగ చెప్పుడు మాకలవాటు లేదు."

భద్రాచలం దవాఖానాలో డాక్టర్ ఛాతీ విని, నీళ్లు మింగినవాళ్లకు కొన్ని గంటలయ్యాక కూడా ఆయాసం రావచ్చని ఆ రోజంతా ఉంచుకున్నాడు. శ్రీను దగ్గిన ప్రతిసారీ నేను లేచి నిలబడ్డాను. మరుసటి రోజు బస్సులో అతను, "అక్కకు చెప్పకు బావా" అన్నాడు. చెప్పే పని పడలేదు. స్నానం చేసి చొక్కా లేకుండా వచ్చిన తమ్ముడి నడుము చుట్టూ కమిలిన ఎర్రటి గీత సరోజ చూసింది.

"ఎవరు కట్టిన్రు?" అంది.

"నేనే."

"ఎవరు ఇప్పిన్రు?"

"నేనే."

ఆమె అన్నం పెట్టడానికి లోపలికి వెళ్లింది.

స్తంభం మీద ఉన్నవాడికి పడిపోతానని భయం, అక్కడ కట్టు కాపాడుతుంది. నీళ్లలో భయం వేరు. ఇది ఎవరడిగినా చెప్పగలిగేవాణ్నే. కానీ భయపడ్డప్పుడు మనిషి ఎదుట ఉన్న చోటును చూడడు, తన పనిలో అలవాటైనదాన్నే పట్టుకుంటాడు. ఆ చోట బతికేవాడు చెబుతున్నా వినడు. శ్రీను మళ్లీ వెళ్దామంటున్నాడు. ముందు ఈత నేర్చుకో అన్నాను, ఆదివారాలు బావికి వస్తున్నాడు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. కొన్నవన్నీ ఒంటికి తగిలించుకుని, పక్కన ఒకరిని నిలబెట్టుకుని, నడుము లోతు నీళ్లలో తల ముంచి, కళ్లు మూసుకుని ఒక్క చేత్తో విప్పి చూడండి. జాకెట్ మాత్రం ఒడ్డు చేరేదాకా తీయకండి. మిమ్మల్ని పడవకు తగిలించి ఉంచేది ఏదైనా సరే, ఎంత గట్టిదైనా, దుకాణంలోనే వదిలేసి రండి.